పదిహేనున్నర

ఇంగ్లండులో ఆట జరుగుతుంటే
కెమెరా ఒక్కోసారి బంతిని వదిలేసి
జనంలోకి పోతుంది.
ఎవరో పాటగాడట, ఎవరో సినిమా ఆయనట,
మెడకి జట్టు రంగుల గుడ్డ, చేతిలో కాగితం కప్పు.
ఆ పేరు చెప్పేటప్పుడు
ఆట చెప్పేవాడి గొంతు కొంచెం వంగుతుంది.
గుణుపురంలో మాకు వాళ్ళెవరో తెలీదు.
నేను చూసేది
ఆ గుడ్డ అంచు ఎలా మడిచి కుట్టారో.

మా జట్టు మాకు మూటలో వచ్చింది.
సంతలో పాత బట్టల బేలు విప్పితే
ముప్పై నాలుగు చొక్కాలు, అన్నీ ఒకటే,
వంగపండు ఒళ్ళు, ఆకాశం చేతులు,
గుండె మీద ఏదో కొమ్ముల జంతువు.
సవర కుర్రాళ్ళు కిలో లెక్కన కొని
నా మిషను ముందు కుప్ప పోశారు.
ఒలమ్మ, ఎంతేసి మనుషులో!
మా గోలీ సుక్రు లాంటోళ్ళు
ఒక్కో చొక్కాలో ఇద్దరు పడతారు.
పక్కలు కోసి, చేతులు కుదించి
మిగిలిన ముక్కలు బిస్కెట్ల డబ్బాలో దాచాను.
ఆ ఏడు మేకపోతు కప్పు మాదే.
మేకని కోసిన రాత్రే
ఎక్కడుందో తెలీని ఆ క్లబ్బూ మాదయిపోయింది.
అక్కడ అదెప్పుడూ
అడుగు నుంచి మూడోదో నాలుగోదో.

"మరి మన వైపు పేరున్నోళ్ళు ఎవరక్కా?"
టీవీ ముందు సుక్రు అడిగాడు.
బస్సు ఏజెంటు పకపకా నవ్వాడు గాని
నాకు వెతుక్కోవలసిన పని లేకపోయింది.

పొట్నూరు దండాసి. మైకు ఆటో.
ఎవరి ఆవు తప్పిపోయినా, ఎవరు పోయినా,
కరెంటు తీసేస్తున్నా, సర్కస్ దిగినా
తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి,
సవరలో ఒకసారి, అదే గొంతు.
మొహం మటుకు ఎవరికీ గుర్తుండదు.
ఆటో పోతుంటే బాకాలకేసి చూస్తారు,
మనిషికేసి ఎవరు చూస్తారు?
నాకు మెడ కొలత తెలుసు. పదిహేనున్నర.

ఆదివారం పొద్దున్న
చావు కబురుకీ కరెంటు కోతకీ మధ్య
ఒక్కసారి ఊపిరి పీల్చుకుని చెప్పేవాడు,
"నిన్న రాత్రి మనం, సున్నా, మూడు."
ఓడామని ఏనాడూ అనలేదు.
ఆ "మనం" దగ్గరే తెలిసిపోయేది.
బంతాటంటే గిట్టని మా అత్త కూడా
నోట్లో వేపపుల్ల ఆపి
"పాపం, మళ్ళీనా" అనేది.

తర్వాత గొంతులో గడ్డ. విశాఖలో ఆపరేషను.
మాటని అక్కడే వదిలేసి
మెడ మీద రూపాయి బిళ్ళంత కన్నంతో
రైలు దిగాడు.
నా దగ్గరికొచ్చి చీటీ మీద రాశాడు,
గాలి ఆడాలి, దుమ్ము పోకూడదు.
కొలిచాను. పదమూడు ముప్పావు.
టేపు మళ్ళీ పట్టి చూశాను. అంతే.
డబ్బా దించాను.
వంగపండు ముక్క ఒకటి, ఆకాశం ముక్క ఒకటి,
లోపలి వైపు మెత్తగా నా పాత నూలు చీర.
కట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు,
ఇటు తిరిగి, అటు తిరిగి,
ఎక్కడో కెమెరా ఆగినట్టు.
నేను కింద పడని సూదిని వెతుకుతూ కూర్చున్నాను.

కరెంటు కోతలు ఇప్పుడు వాళ్ళ అల్లుడి రికార్డు.
స్కోరు రికార్డు చేసి ఉంచలేరు కదా.
అందుకని ఆదివారం దండాసే వస్తాడు.
జంక్షన్లో బండి ఆపి, బాకాలు కట్టేసి,
చేతులు రెండూ బయట పెడతాడు.
కుడిది మనం, ఎడమది వాళ్ళు.
టీ కొట్టోడు వేళ్ళు లెక్కపెడతాడు,
రాత్రి డ్యూటీ దిగిన నర్సమ్మ లెక్కపెడుతుంది,
ఆమె చంకలో పిల్ల పైకే లెక్కపెడుతుంది.

మొన్న వారం సున్నా, సున్నా.
పిడికిళ్ళు రెండూ పైకి లేపాడు.
కొత్తగా వచ్చిన ఎస్సై బైకు ఆపి
ఏ పార్టీ, ఎవరి మీద అని ఒడియాలో గద్దించాడు.
వేపపుల్ల పక్కన ఉమ్మేసి
మా అత్తే అందుకుంది, వచ్చీరాని ఒడియాలో,
"గొడవేం కాదు బాబూ.
రాత్రి ఎవరూ గెలవలేదు, అంతే."