మూడు చెంబుల లెక్క

నా కూతురు బడి నుంచి కాయితమొకటి తెచ్చింది.
పైన వారాల పేర్లు, కింద ఏడు గళ్లు.
నీళ్లు పోసుకున్న దినం టిక్కు పెట్టాలంట,
ఆదివారం నాయన సంతకం కావాలంట.
పేరేమో వర్షిత.
ఎర్రగుంట్లలో మా వీధికి కొళాయి
ఐదు దినాలకొకసారి.
"నిజం రాయాల్నా, మిస్సుకు నచ్చేది రాయాల్నా?"
పెన్ను కొరుకుతా అడుగుతాంది.

మా అవ్వ సుంకులమ్మకు గళ్లు లేవు.
శనివారం తలకు, మంగళవారం ఒంటికి,
తక్కిన దినాలు మొగం, మెడ, చంకలు, పాదాలు.
మూడు చెంబులు.
మొదటిది దుమ్ముకు.
రెండోది సున్నిపిండికి.
మూడోది "ఇది నాకు" అనేది.
ఆ చెంబు పోసుకునేటప్పుడే కండ్లు మూసుకునేది,
ఎవరు పిలిచినా పలికేది కాదు.
జారిన నీళ్లు బండ దిగి, సన్నకాలవ పట్టి
మిరపచెట్టు కాడికి పోయేవి.
మీ కాయల్లో కుంకుడు వాసనొస్తాందని
మామ ఎగతాళి చేసేవాడు,
తినేది మాత్రం మానలా.

ఆమె పక్కన పండుకుంటే
పొయ్యి వాసన, వక్కాకు వాసన,
వలిచిన చెనిక్కాయల వాసన.
మనిషి వాసన తప్పని నేను నేర్చుకునింది
ప్రొద్దుటూరు బస్సులో,
పక్క సీటాయన కిటికీ తట్టుకు
మెల్లిగా మొగం తిప్పుకున్యాక.

నా పని రాళ్లకు నీళ్లు పోసేది.
నవ్వద్దు.
బ్లేడు కాలిపోకుండా
పొద్దున ఎనిమిది నుంచి దీపాలు పెట్టేదాకా
పైపు కింద నాపరాయి తడుస్తానే ఉంటాది.
నేను నెలంతా పోసుకునే నీళ్లు
ఒక్క బండ ఒక్క పూటకు పోసుకుంటాది.
పాలిష్ అయినంక వంగి చూస్తే
అందులో నా మొగం కనపడతాది,
రెప్పల దాకా బూడిద.
ఆ బండ లారీ ఎక్కి బెంగళూరుకు పోతాది,
ఎవరింట్లోనో స్నానాల గదికి నేలయితాది.
ఆడ కూడా దానికి రెండు పూటలా నీళ్లే.
పుడితే రాయై పుట్టాల.

వీపంతా దద్దుర్లు లేస్తే
కడపలో చర్మం డాక్టరు కాడికి పోయినా.
నా ముందర ఇస్త్రీ చొక్కా ఆయన ఉండె.
"రోజూ సబ్బెందుకండీ, ఒళ్లు ఎండిపోతాది,
దినం మార్చి దినం చాలు" అన్యాడు ఆయనతో.
నాతో, "రెండు పూటలా స్నానం చేయప్పా" అన్యాడు.
ఇద్దరికీ నిజమే చెప్పినాడు.
నీళ్లున్న ఇంటికి వద్దన్యాడు,
లేని ఇంటికి రాసిచ్చినాడు.
ఆయన మానుకుంటే ఆరోగ్యం.
నేను మానుకుంటే,
వీళ్లింతే.

అవ్వ పోయిన దినం
కొళాయి రాక నాలుగో దినం.
అయినా వీధంతా బిందెలు మోసుకొచ్చినారు.
లింగమయ్య పెండ్లాం
తాగేదానికి దాపెట్టుకున్న బిందె తెచ్చి
మూత తీసి, మారుమాట లేకుండా దించింది.
లెక్కపెట్టినా, పదకొండు.
బతికినన్నాళ్లు మూడు చెంబుల మనిషికి
పదకొండు బిందెలు.
పసుపునీళ్లు బండ దిగి ఆ సన్నకాలవే పట్టుకున్యాయి.
మిరపచెట్టు ఎండిపోయి ఏండ్లయింది,
నీళ్లకు మాత్రం దోవ గుర్తుంది.
నాకు ఒకటే భయం,
లేసి కూర్చొని
"ఎవర్రా అది, నీళ్లు అట్ల పారబోసేది?" అంటాదని.
అనలా.
అప్పుడు నమ్మినా, పోయిందని.

"నిజమే రాయి పాపా" అన్యా.
రెండు టిక్కులు పెట్టింది.
కాసేపు ఆలోచించి,
"మొగం, కాళ్లు కడుక్కున్న దినానికి
సగం టిక్కు పెట్టచ్చా?" అనింది.
అవ్వనడిగితే ఏమనేదో.

సంతకానికి కాయితం పట్టుకుంటే
బొటనవేలి బూడిద అంచుకు అంటింది.
చేతులు కడుక్కొని వస్తానుండని లేసినా.
బిందె మూత తీసి చూసినా.
మళ్లా వచ్చి కూర్చొని
అట్లే సంతకం పెట్టినా.