సర్వే ఫారం

ఇరవై నాలుగు ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు గడులు.
"ఉద్యోగం పట్ల మీ సంతృప్తి?"
పెన్ను ఆగింది.
అనంతపురం గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటోంది,
కొక్కెం ఊడి మూడేళ్లు.

పదమూడేళ్లుగా బాటనీలో అకడమిక్ కన్సల్టెంట్‌ని.
గంటల లెక్కన జీతం, అదీ నాలుగు నెలలు ఆలస్యం.
ఏటా ఏప్రిల్ ముప్పైన తీసేస్తారు,
మే రెండున మళ్లీ తీసుకుంటారు.
మధ్యలో మేడే ఒక్కరోజు
నేనెవరినీ కాను.
ఆ రోజూ వస్తాను,
షేడ్‌నెట్ కింద మొక్కలకు బ్రేకు తెలీదు కదా.
హుస్సేన్ పీరా రిజిస్టరు తెరవకుండా తాళంచెవి ఇచ్చి
"మేడమ్ రాలే, నేను చూళ్లే" అని గోడకు చెబుతాడు.

"మీ విభాగాధిపతి నాయకత్వం?"
ఇప్పటాయన వాట్సాప్‌లో ఉంటాడు.
పొద్దున ఒక సూక్తి, సాయంత్రం ఒక మెమో.
ఫారం అడిగేది ఆయన గురించే.
నాకు గుర్తొచ్చేది పెన్నోబులేసు సారు.

నా మీద పిటీషను పడ్డ ఏడాది
(పాఠం అర్థం కావడంలేదని, పదకొండు సంతకాలు)
ఆయన నన్ను పిలిపించలేదు.
మర్నాడొచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు
రూళ్ల నోట్సుతో, రిటైర్మెంటుకు ఏడాదున్న మనిషి.
వారమంతా రాసుకున్నాడు.
శనివారం వరండాలో ఆపి
"ఆ ఊడ సంగతి నాకూ సరిగ్గా ఎక్కలేదమ్మా,
సోమవారం ఇంగోసారి చెప్తావా?" అన్నాడు.
ఆదివారం కూర్చుని నేర్చుకున్నాను,
నాకు వచ్చనుకున్న పాఠం.

సోమవారం చెనిక్కాయ చెట్టును వేళ్లతో పట్టుకొచ్చి చెప్పాను:
పువ్వు పైన పూస్తుంది, అందరూ చూస్తారు.
అది వాడాక అడుగు నుంచి ఒక ఊడ దిగుతుంది.
నేల మెత్తగుంటే గుచ్చుకుంటుంది,
లేదంటే గాల్లోనే ఎండుతుంది.
కాయ కాసేది చీకట్లో.
పిటీషన్లో మొదటి సంతకం పెట్టిన కదిరి పిల్లోడు లేచి
"మా చేన్లో ఈతూరి అన్నీ గాల్లోనే ఎండినాయి మేడమ్" అన్నాడు.
సారు నోట్సు మూసి
వాడి వైపే చూస్తూ ఉండిపోయాడు.

చివరి ప్రశ్న:
"మరోచోట అవకాశం వస్తే వెళ్తారా?"
బెంగళూరు విత్తనాల కంపెనీ లెటరు సంచిలోనే ఉంది,
శుక్రవారంలోగా జవాబివ్వాలి.
అవునో కాదో నాకే తెలీదు.

కిటికీ మళ్లీ కొట్టుకుంది.
ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి
రెక్క సందులో దోపాను.
చప్పుడు ఆగింది.
మెట్ల మీద ఫస్టియర్ వాళ్ల చెప్పుల మోత,
చాక్‌పీసు ఎక్కడ పెట్టానో.