ఎర్ర బూట్లు

బియ్యం సంచిలో పెట్టి తెచ్చాడు నికానోర్,
చేపలవాళ్ల సంఘానికి కార్యదర్శి.
"తడి లాగేస్తుందన్నారు" అన్నాడు.
తడిసిన డిస్కుని తడిగానే తేవాలయ్యా,
ఆరితే నీళ్లు పోతాయి, ఉప్పు మిగులుతుంది
అని నోటిదాకా వచ్చింది, ఊరుకున్నాను.
తాల్కావానో రేవులో బతికేవాళ్లకి
ఉప్పు సంగతి ఒకరు చెప్పాలా?

అల గోడ దాటి వచ్చిన రాత్రి
ఆఫీసులో బల్ల తేలిందట, బీరువా తేలిందట.
ఇది మాత్రం బుద్ధిగా మునిగింది.

బోర్డు విప్పితే
కింద ఒక బియ్యపు గింజ, ఉబ్బి, మెత్తబడి.
పట్టకారుతో తీసి పక్కన పెట్టాను.
కాంటాక్టుల మీద పచ్చటి చిలుము.
మా అమ్మాయి పెన్సిలు వెనకున్న రబ్బరుతో
ఒక్కొక్కటే రుద్దాను,
పంతులు చూసేలోగా తప్పు లెక్క చెరుపుకునే పిల్లలా.

కరెంటు ఇచ్చాను.
టిక్. టిక్. టిక్.
తీసేశాను.
ఆ చప్పుడు ఎరిగినవాళ్లు
ఇంకోసారి చూద్దాం అనరు.

కొన్సెప్సియోన్ పాత సామాన్ల సంతలో
అదే మోడలు, అదే నెలలో పుట్టిన
చచ్చిన డిస్కు ఒకటి దొరికింది.
దాని బోర్డు దీనికి.
దీని చిప్పు మాత్రం ఊడదీసి, ఆ బోర్డు మీద అతికించాలి.
ఆవగింజంత చిప్పు.
తనకెక్కడ ఏ కొలత తేడానో
ఈ డిస్కు రాసుకున్నదంతా అందులోనే ఉంది.
ఒళ్లు అరువు తెచ్చుకోవచ్చు,
ఎవరి వంకరలు వాళ్లవే ఉండాలి.

తిరిగింది.

ముందు నుంచి చదివిస్తే
నలభై శాతం దగ్గర మొరాయించింది.
వెనక నుంచి చదివించాను.
మూడు రాత్రులు
నా మాతే టీ చల్లారడం, నేను మళ్లీ కాచడం.
తెర మీద పచ్చ గళ్లు, మధ్యలో ఎర్ర గళ్లు,
ఎర్రవాటి చుట్టూ తిరిగి తిరిగి
ఒక్కో పళ్లూ గిల్లుకుంటూ వచ్చినట్టు.

"పేర్లు పోయాయి" అన్నాను నికానోర్‌తో.
"ఏ ఏడాదో, ఏ పడవో రాసి ఉన్న సంచులన్నీ పోయాయి.
నాలుగు వేల ఫోటోలు, అన్నిటికీ వట్టి అంకెలు.
మనుషులు మాత్రం ఉన్నారు."
అతను అటు తిరిగి
కుర్చీ ఎక్కడుందో వెతుక్కున్నాడు.

మర్నాటి నుంచి నా కొట్టు నిండా ముసలమ్మలు.
వలలు అల్లే ఎదెల్మీరా,
ఆవిడ చెప్పిందల్లా కాదనడానికే వచ్చిన ఒతీలియా.
"ఇది రొసాల్బా పడవని నీళ్లలోకి దించిన రోజు."
"కాదు. అప్పటికి మా మరిదికి మీసం రాలేదు."
ఇద్దరూ కలిసి మీసం ఎదుగుదలని బట్టి
సంవత్సరం తేల్చారు.
నేను టైపు చేశాను.

మూడు వందల పైచిలుకు ఎవరికీ తెలియలేదు.
తన పొడుగంత చేపని కౌగిలించుకున్న ఒక పిల్లాడు,
ఎవరి పిల్లాడో,
అంకెగానే ఉన్నాడు.

తర్వాత తెయొదోరో వచ్చాడు తెర మీదికి.
నవ్వు ఉంది, టోపీ ఉంది, చేతిలో సిగరెట్టు ఉంది.
నడుం కింద నుంచి అంతా బూడిద రంగు.
"కింద సగం దొరకలేదమ్మా" అన్నాను,
నేనే పారేసినట్టు.

ఎదెల్మీరా కళ్లద్దాలు పైకి తోసి
తెరకి ముక్కు ఆనించి చూసింది.
"పోతే పోయింది.
ఆ బూట్లు మా ఆయనవి.
పెళ్లికని పట్టుకెళ్లాడు, తిరిగివ్వలేదు.
కనబడితే మళ్లీ ఒళ్లు మండేది నాకు."
ఒతీలియా కూడా నవ్వింది, మొదటిసారి.

తర్వాతి ఫోటోకి వెళ్లబోతుంటే
నా మణికట్టు పట్టుకుంది ఎదెల్మీరా.
"ఎర్రవి" అంది. "రాసుకో."

రాశాను:
తెయొదోరో, ఎర్ర బూట్లు.