పదిహేడో ప్రశ్న

మాఘమాసం పొద్దు.
ఎనుమాముల యార్డుల
ఎర్రటి బస్తాల నడుమ బాట దొరకక
ప్రశ్నావళిని నెత్తికి నీడ పట్టుకొని నడిచిన.

జెండా పాట అయిపోయింది.
పాట అంటరు గాని
ఎవ్వల గొంతుల రాగముండదు.
ఒకడు కాయ విరిచి వాసన చూస్తడు,
ఒకడు ఫోన్ చూస్తడు.
నిన్నటికంటె పదమూడు వందలు తక్కువ.
ఎందుకంటె, సముద్రం మీద ఓడ ఆగిందట.
సముద్రమే చూడని రైతు
బస్తా మీద కూలబడి తల ఊపిండు,
దూరపు చుట్టం చచ్చిన కబురు విన్నట్టు.

కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల నీడల
ఓదెమ్మ తొడిమెలు తీస్తున్నది.
ముక్కుకు కొంగు, పైన రెండు కండ్లు.
గైడు సార్ దిద్దిన నలభై రెండు ప్రశ్నలు
వరుసపెట్టి అడుగుతున్న.
వయసు, కులం, చదువు, ఇంటి కప్పు.
పదిహేడోది:
"మీ శ్రమతో తయారైన సరుకు ఏ దేశానికి పోతది?"

ఆమె చెయ్యి ఆగలే.
"నువ్వు చూసొచ్చినవా బిడ్డా?"
కొంచెం సేపటికి ఇంకోటి:
"ఇవన్ని అడిగితె నీకు కిలోకెంత?"

ఏడు నెలలాయె ఫెలోషిప్ రాక, అన్న.
నవ్వింది. దగ్గింది. మళ్ళ నవ్వింది.
"అయితె కూసో. తొడిమె తీసుకుంటనే అడుగు."

కూసున్న.
ఓడ సంగతి ఆమెకు నాలుగొద్దుల కిందనే ఎరుక.
రంగు చూసే పిల్లగాడు రావుడు బందయ్యిండట,
"ఆడు రాలేదంటె అవతల ఎవలో తింటలేరన్నట్టు."
నేను మూడేండ్లు చదివి గీసిన బొమ్మ యాదికొచ్చింది.
పొలం, అడ్తి, గోదాము, రేవు, పరదేశం,
నడుమ నీటుగ బాణాలు.
తొడిమె ఉన్న కాయ ఓడెక్కదు.
తీసిన చెయ్యి బొమ్మకెక్కలే.

మా నాయిన ఈ యార్డులనే దడువాయి.
ఇరవై ఆరేండ్లు కాంటా ముల్లు చూసి చూసి
ఇంట్ల ఉప్పును సుత కండ్లతోనే తూచేటోడు.
తక్‌పట్టీలు రాసి చూపుడువేలు వంకరపోయింది.
తరుగు కింద ఎంత పోయింది నాయినా అంటె
"దానికి గడి లేదు బిడ్డా" అనేటోడు.

ఆ రాత్రి హన్మకొండ హాస్టల్ల
జవాబులకు అంకెలు వేసుకుంట కూసున్న.
అవునుకు ఒకటి, కాదుకు రెండు.
ఓదెమ్మ పదిహేడో జవాబుకు
ఏ అంకె కుదరలే.
పద్ధతి ప్రకారం తొంభై తొమ్మిది వేసిన:
జవాబు లేదు.

నిద్రకు కన్ను నలుపుకున్న.

నాలుగు మాట్ల సబ్బు పెట్టినా
గోళ్ళ సందుల కారం అట్లనే ఉన్నది.
బకెట్ మీద వంగి నీళ్ళు కొట్టుకుంటుంటె
స్వరూప లేచొచ్చి అడిగింది,
ఎవలన్న ఏమన్న అన్నరా అని.
అన్నరు, అన్న.

పొద్దుగాల సెమినార్ హాలు.
తెర మీద బాణాలు.
ముందు వరుసల నుంచి ఒక ఆచార్యులు
"మీ సిద్ధాంత చట్రం ఏమిటమ్మా?" అన్నరు.
కాగితాలు తీస్తుంటె
మడతల్లకెళ్ళి తాలుకాయ ఒకటి
తొడిమెతోని బల్ల మీద పడ్డది.

ఎవలో తుమ్మిన్రు.
పక్కాయన కూడా.
అధ్యక్షులు మంచినీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపిన్రు.

ఐదు నిమిషాలే ఉన్నయని గంట కొట్టిన్రు.
పదిహేడో ప్రశ్నను పక్కకు పెట్టి
ఓదెమ్మ అడిగిన రెండోదానితోని
మొదలుపెట్టిన.