కరెంటు పోతే

సోమవారం నుంచి మందు ఎక్కించాలి,
ఈలోగా ఒక చోటికి వెళ్లి రండి
అంది డాక్టరమ్మ, చీటీ మీద అడ్రసు రాస్తూ.
రెడ్‌హిల్స్ ఆస్పత్రి వరండాలో
ఆ పనికి తెలుగు మాట వెతుక్కున్నాం నలుగురం.
మా ఇంట్లో అది ఎన్నడూ గడప దాటి లోపలికి రాలేదు.
చివరికి అమ్మే అడిగింది:
"పరగడుపున పోవాల్నా?"

నాన్నకి కోపమొచ్చింది.
"ముందు పాణం దక్కనియ్యి. పెండ్లే కాలే,
పిల్లల ముచ్చటేంది ఇప్పుడు?"
డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.
"బతుకుతడు కాబట్టే అడుగుతున్న."

మెడ మీద గడ్డ తేలిన ఇరవై మూడు రోజుల్లో
బతుకుతాడన్న మాట
ఎవరి నోటైనా వినడం అదే మొదలు.

ఓంకార్‌కి ఇరవై. ఏసీలు బాగుచేస్తాడు.
మల్లేపల్లి నుంచి మణికొండ దాకా
ఏ మేడ మీద ఏ కంప్రెసర్ దగ్గుతుందో వాడికి ఎరుకే.
వాడి దగ్గు మాత్రం
గ్యాసు పడక అనుకున్నాం, మూడు నెలలు.

బంజారాహిల్స్ క్లినిక్కులో గోడల నిండా బోసినవ్వులు.
పక్క కుర్చీల్లో జంటలు, ఒళ్లో లావుపాటి ఫైళ్లు,
ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.
"మేడం, మీ వారిని లోపలికి పంపండి."
"తమ్ముడండీ."
కౌంటర్లో అమ్మాయి నాలుక కరుచుకుంది.
మూత ఉన్న చిన్న డబ్బా పట్టుకుని వాడు వెళ్లాడు.
గొళ్లెం పడింది.
ఫోన్ తీసి కూరగాయల ధరలు చదివాను,
టమాటా, బెండ, మళ్లీ టమాటా.
వాణ్ణి చంకనెత్తుకుని ముక్కు తుడిచిన దాన్ని నేను.
బయటికొచ్చి నావైపు చూడలేదు.
మంచినీళ్ల సీసా ఇచ్చాను. అదొక్కటే చేతనైంది.

తర్వాత ఫారం. పదకొండో గడి:
నమూనా ఇచ్చిన వ్యక్తి మరణించిన పక్షంలో
పెన్ను ఆగింది.
"అక్కా, ఏం పెట్టాలె?"
గోడ మీది పాపల్ని చూశాను. వాళ్లూ చెప్పలేదు.
నాశనం చేయవచ్చు అన్నచోట వాడే టిక్కు పెట్టాడు,
కింద సర్వీసు చీటీల మీద గీసే అదే సంతకం,
పని పూర్తయింది, ఇంక ఫిర్యాదు లేదన్నట్టు.

డబ్బు నా చిట్టీ పాడుకున్నది.
ఎంతో నాన్నకి ఇప్పటికీ తెలీదు.

వెళ్లబోతూ ఆగాడు. "చూడొచ్చా?"
ల్యాబు కుర్రాడు తలుపు సగం తీశాడు.
పాలక్యాను లాంటిది. మూత ఎత్తితే
తెల్లటి పొగ అంచు దిగి నేలమీద పాకింది.
మైనస్ నూట తొంభై ఆరు.
తమ్ముడు ఈల వేశాడు.
పదహారుకి దిగితేనే గొప్ప వాడి లోకంలో.
రోగం వచ్చాక మొదటిసారి
వాడు మెకానిక్కులా నిలబడ్డాడు,
మోకాళ్ల మీద చేతులు, కళ్లు సీలు అంచున.
"అన్నా, కరెంటు పోతే?"
"దీనికి కరెంటుతో పన్లేదు తమ్మీ,
నైట్రోజన్ తగ్గకుండ పోస్తుంటే చాలు."
తలూపాడు, నమ్మీ నమ్మనట్టు.

ఆ తర్వాతి ఆరునెలలు చెప్పను.
జుట్టు, కనుబొమలు, పోపు వాసన మీద ఇష్టం
ఒక్కొక్కటే వాణ్ణి వదిలిపోయాయి.
కొన్ని తిరిగొచ్చాయి.
నాలుకకి ఉప్పు ఇంకా సగమే తెలుస్తుంది.

ఏటా ఏప్రిల్‌లో మెసేజి: నిల్వ రుసుము చెల్లించగలరు.
ఊరంతా పెనంలా కాగే నెల.
ఇంటింటికీ చలి నింపి తెచ్చిన డబ్బులోంచి
తన గుప్పెడు చలికి తనే కడతాడు,
ఒక్కోసారి నిచ్చెన మీంచే.
"రిపోర్టులు మంచిగున్నయి గదా, ఇంకెందుకు" అంటాడు నాన్న.
వాడు స్పానరు వెతుక్కుంటాడు.

మొన్న రాత్రి ఫోన్ చేశాడు.
వెనక సాసర్ల చప్పుడు, ఎవడో ఉస్మానియాలు అడుగుతున్నాడు.
"అక్కా, ఝాన్సీకి చెప్పిన."
"మొత్తమా?"
"మొత్తం. గడ్డ, గది, క్యాను."
నా గొంతు ఆరింది. "ఏమన్నది?"
"చాయ్ అయిపోయేదాక ఏమనలే.
తర్వాత అడిగింది,
కరెంటు పోతే ఎట్ల, అని."