కొలతల పుస్తకం

మనామా పాతబజారులో మెట్లకింద దుకాణం.
బోర్డుమీద దర్జీ అని అరబ్బీలో రాసుంది,
నా పేరైతే లేదు.
నా పేరు కుళ్లాయప్ప.
"ఇదేం సాయిబుల పేరయ్యా?" అని
వీసా చేతికిస్తా ఏజెంటు నవ్వినాడు.
మా తాత దూది ఏకినోడు, నేను గుడ్డ కుట్టేవాణ్ణి.
నమాజు అరబ్బీలో, తిట్లు తెలుగులో,
లెక్క వేళ్ళమీద.

పండుగెప్పుడని జనం ఆకాశాన్ని అడుగుతారు.
నేను గిరాకీని అడుగుతా.

అందరికన్నా ముందు తాహెర్ భాయ్, అత్తరు వ్యాపారి,
తెల్లటోపీకి బంగారు అంచు.
వాళ్ళ బోరాలకు నెలలన్నీ ముందే లెక్కకట్టి ఉంటాయి,
మబ్బు పట్టినా ఫరవాలేదు.
"మాకు సోమవారం. ఆదివారం అసర్‌కల్లా ఇచ్చెయ్."
ముహర్రఖ్ నుంచి ఉమ్ రాషిద్ ఫోను:
"టీవీలో చెప్తారు. చెప్పిన రాత్రే కావాల,
ఆరుగురు మగపిల్లల తోబులు. మెడ బిగిస్తే ఊరుకోను."
అబ్దున్నబీ మామ గడ్డం గోక్కుంటాడు:
"మా పెద్దల మాట రావాల. బహుశా ఆ మర్నాడు."
కాజాలు కుట్టే గుల్‌జమాన్, స్వాత్ మనిషి,
దారం కొరికి అంటాడు:
"మా కొండల్లో నెలవంకకు ఎప్పుడూ తొందరే.
మా అమ్మ నిన్ననే సేమ్యా వండేసింది."

ఒకటే చంద్రుడు.
గోడకు నాలుగు మేకులు కొట్టినా, నాలుగు మూటలకు.

షాబాన్ నడిమిలో ఒకసారి, రంజాన్ నడిమిలో ఒకసారి
పిల్లకాయలు మెడలో సంచులేసుకొని సందులో పడతారు.
కొన్ని ఇండ్లలో రెండూ, కొన్ని ఇండ్లలో రెండోదే.
ఎందుకని ఒక పాపను అడిగితే
నన్ను ఎగాదిగా చూసి "శనక్కాయలకు" అనింది.
దోసిట్లో పోసింది. మా ఎర్రనేల రుచి దానికెక్కడిది,
పొట్టుతో సహా తినేసినా.

హజ్జు పండుగ ముందురోజు
ఈతాకుల బుట్టల్లో పెంచిన మొలకల్ని
సముద్రంలోకి విసురుతారు అవే పిల్లకాయలు.
ఆ గౌన్లకు జరీ నేనే వేస్తా.

అది దాటితే నల్లగుడ్డ దిగుతుంది, తాన్లకు తాన్లు.
సందు గోడలకు నల్లజెండాలు.
రాగి డేగిసాల్లో అన్నం, మాంసం,
దారెంట పోయేవాడికల్లా పెడతారు, ఎవరని అడగరు.
రాత్రి వేలమంది గుండెలమీద ఒకేసారి పడే చేతులు
దూదేకే విల్లు మోగినట్టే ఉంటాయి నాకు.
మా తాత పనిలో ఉన్నాడనిపిస్తుంది.
గుల్‌జమాన్‌కు పదోరోజు ఒక్కపొద్దు, దేవునికి శుక్రియా చెప్పే రోజు.
తలుపు వారగా వేసి, ఏమీ అనకుండా, కాజాలు కుడతాడు.

ఆ ఏడు నల్లతోబు కొలతలకొచ్చి
నా ఒళ్ళో ఆకుపచ్చ పట్టు చూసినాడు అబ్దున్నబీ మామ,
ఎర్ర అంచు, తళుకులు.
"ఈ దినాల్లో ఇదెవరికి?" గొంతు గరుగ్గా ఉంది.

పీరుకు దట్టీ, మామా.
పీరును అరబ్బీలో ఎట్ల చెప్పేది, దట్టీని ఎట్ల చెప్పేది?
చేతులతో చెప్పినా. ఇత్తడి హస్తం, కర్ర, కర్రకు పట్టు.
గుండంలో నిప్పులు.
హసను, హుసేను అన్నా. ఆ రెండే అర్థమైనాయి.
మా ఊళ్ళో ముజావరు మా చిన్నాయన,
పీరును ఎత్తేది బోయ నరసింహులు,
సదివింపులకు బెల్లం తెచ్చేది రెడ్ల నాగమ్మ.
"ఏడుస్తారా?"
ఆఖరిరోజు, నీళ్ళకాడికి పోతా ఏడుస్తారు.
"అంతకుముందు?"
ఎగురుతారు. పులివేషాలు కూడా కడతారు.

గుల్‌జమాన్ మిషను ఆపేసినాడు.
ఇరవై తోబుల బేరం పాయె అనుకుంటి.
మామ ఆ పట్టు అంచు వేళ్ళమధ్య పట్టుకొని
సొంత మనిషి పెట్టెలో దొరికిన బట్టను తడిమినట్టు తడిమినాడు.
"ఎంత పొడుగుంటాడు, మీ ఊళ్ళో?"
నా ఛాతీకాడ చెయ్యి పెట్టి చూపించినా.
"రాయి. గుడ్డ ఖర్చు నాది."

ఆ పేజీ ఇంకా ఉంది.
పేరు: హుసేను.
పొడుగు: నాలుగు మూరలు.
జమ: రెండు దీనార్లు.
మెడ కొలత దగ్గర
ఏమీ రాయలేదు.