బర్తాంగ్ లోయలో

కష్టమంటావా, అది నిన్ననే అయిపోయింది.
నాలుగు వేల మీటర్ల కనుమ.
మోకాళ్ళు ఒకదాని మీద ఒకటి చాడీలు చెప్పుకున్నాయి.
కూర్చుంటానంటే కూర్చోనిచ్చింది కొండ.
వెనక్కి పోదామంటే
దారి అక్కడే ఉంది, పెంపుడు కుక్కలా.

ఇవాళ కిమత్‌షా
ఎండు మల్బరీలు నా గుప్పెట్లో పోసి
మెడలో కెమెరా తీయించాడు.
ఎదురుగా నిట్టనిలువు రాతిగోడ.
పగుళ్ళలో దిగ్గొట్టిన కర్రలు,
వాటి మీద కొమ్మలు, పలకరాళ్ళు.
అడుగున ఏరు, చప్పుడు మాత్రమే.

"ఈ కర్ర మొన్న వేశారు, దీని మీద ఆగకు.
అదిగో, అది మా తాత వేసింది. ఊపిరి అక్కడ పీల్చుకో."

పన్నెండో అడుగున వెనక్కి తిరగబోయాను.
తిరగడానికి పాదమంత చోటు కావాలి.
లేదు.
భయపడ్డానిక్కూడా
కాస్త జాగా ఉండాలని అప్పుడే తెలిసింది.

అవతల,
వణుకుతున్న వేళ్ళతో రొట్టె తుంచుతూ అడిగాను:
ఇలాంటి దాన్ని మీ భాషలో ఏమంటారు?

అతను నవ్వలేదు.
"మా చెల్లెలు సవ్సన్‌ని కాన్పుకి
ఇటే మోసుకొచ్చాను, వీపున, ఫిబ్రవరిలో.
పేరంటావా,
బడి దారి అంటాం."